కౌన్సిలర్ లేని పట్నం

సంపాదకులకు,

శ్రీకాకుళం మునిసిపల్ పాలకవర్గం గడువు 2010లో తీరింది. 2015లో కార్పొరేషన్ హోదా వచ్చింది గానీ ఎన్నిక రాలేదు. 2021 మార్చిలో రాష్ట్రంలో చాలా పట్టణాలు ఓటేశాయి, మేం చూస్తూ కూర్చున్నాం.

అప్పటి మా వార్డు కౌన్సిలర్ గారు మహానుభావుడేం కాదు. కానీ కాలువ పూడిందంటే లుంగీ ఎగ్గట్టి, పార పట్టినాయన వెనకే నిలబడి బురద తీయించేవారు. ఓట్లు దగ్గరపడితే మరీనూ! మా ఆవిణ్ణి "వదినా, టీ ఇస్తావా" అని అడిగి అరుగు మీద కూర్చుని, వీధిలైటు సంగతి కూడా తనే ఎత్తేవారు. అదంతా ఓటు భయమే, నాకు తెలుసు. ఆ భయం ఖరీదు టీ నీళ్లే కదా.

ఇప్పుడు అర్జీ పెడితే రసీదు చేతికొస్తుంది. "ఈసారి నీకు ఓటెయ్యను" అని అలగడానికి మనిషేడీ? వార్డుల లెక్క తేల్చి ఎన్నిక పెట్టమని కోరుతున్నాను.

- ఒక రిటైర్డ్ టీచరు, శ్రీకాకుళం