వార్షిక నివేదిక: చిన్న కనెక్టర్ల మీద మన ఏడాది పని

గౌరవ సభ్యులందరికీ నమస్కారం.

అభిరుచి కోసం రేడియో సెట్లు కట్టి మాట్లాడుకునే మన హామ్ రేడియో సంఘం పోయిన సర్వసభ్య సమావేశంలో ఒక మాట అనుకున్నాం. ఒకరు కట్టిన సెట్టును ఇంకొకరి యాంటెన్నాకు తగిలించాలంటే మధ్యలో రెండు మూడు అడాప్టర్లు పెట్టాల్సి వస్తోంది. కనెక్టర్లేమో ఒకరి డబ్బాకు తిప్పి బిగించే బీఎన్‌సీ, ఇంకొకరికి లావుపాటి పీఎల్-259, మరొకరు పాత టేప్‌రికార్డర్ నుంచి పీకిన ఆర్‌సీఏ. దీన్నొక దారికి తేవాలనీ, అది కుర్రవాళ్ల జేబుకు అందే ధరలో ఉండాలనీ తీర్మానించుకున్నాం. ఏడాదంతా మన చేతులు ఎక్కువగా ఆ పనిలోనే ఉన్నాయి కాబట్టి నివేదికలో కూడా దానికే ఎక్కువ చోటిస్తున్నాను. మిగతా విషయాలు చివర్లో క్లుప్తంగా.

ముందు ఒక సెట్టు సంగతి చెప్పాలి. కాజీపేట నుంచి వచ్చే మన కుర్ర సభ్యుడు ఒకరు బిట్‌ఎక్స్ అనే, ఇంట్లో కట్టుకునే సెట్టు నమూనాలో 40 మీటర్ల బ్యాండు (7 మెగాహెర్ట్జ్) సెట్టు కట్టుకున్నాడు. హైదరాబాదు వాసి అష్‌హర్ ఫర్హాన్ గారు మామూలు దుకాణాల్లో దొరికే విడిభాగాలతో కట్టుకునేలా ఆ నమూనాను రూపొందించారు కాబట్టి, మనలో చాలామందికి అదే మొదటి సెట్టు. వానాకాలంలో ఒక ఆదివారం ఆ సెట్టును హన్మకొండలో మా డాబా మీద పెట్టాం. పది నిమిషాలు చక్కగా పలికింది. ఆ తర్వాత ఉన్నట్టుండి మూగబోయింది. "అన్నా, గీ ప్లగ్గును జర పక్కకు నూకితే మళ్ల వస్తది చూడు" అన్నాడు. నిజమే. వేలు ఆనించి ఉంచినంతసేపు స్టేషన్లు వినిపిస్తున్నాయి, వేలు తీస్తే పోతున్నాయి.

ఆ పిల్లవాడు అప్పటికి రెండు నెలలుగా ఆ సెట్టును విప్పుతూ, మళ్లీ కడుతూ ఉన్నాడు. ఒక కాయిల్‌ను నాలుగుసార్లు చుట్టాడు. తప్పు అక్కడ లేనే లేదు. బీఎన్‌సీ సాకెట్టును ఊడదీసి భూతద్దం కింద పెడితే తెలిసింది: నడిమి పిన్ను చుట్టూ ఉండే తెల్లటి ప్లాస్టిక్ టంకం వేడికి మెత్తబడి ఒక పక్కకు ఒరిగింది. దాంతోపాటు పిన్ను వెనక్కి జారి, ప్లగ్గులోని పిన్నును అందీ అందకుండా నిలబడింది. వెనకాల వేసిన టంకం మాత్రం అద్దంలా మెరుస్తోంది. పైనుంచి చూసి ఎవరూ వంక పెట్టలేరు. ఆ సాకెట్టును ఆన్‌లైన్‌లో సంచి లెక్కన తెప్పించి అందరికీ పంచింది నేనే. ఆ సంచిలో మిగిలిన వాటిని అదే సాయంత్రం పక్కన పెట్టేశాం.

ఆ రోజు నుంచి మనం పెట్టుకున్న మొదటి నియమం, ఏ కనెక్టరైనా డబ్బాకు బిగించకముందే పరీక్షించాలని. సంచిలోంచి ఒకటి తీసి, వేడెక్కిన సోల్డరింగ్ ఐరన్ కొనను దాని పిన్నుకు అయిదు సెకన్లు ఆనించాలి. లోపల ఉన్నది టెఫ్లాన్ అయితే 260 డిగ్రీల దాకా నిబ్బరంగా ఉంటుంది, చెక్కు చెదరదు. పాలిథీన్ అయితే 110 డిగ్రీల ప్రాంతంలోనే కరిగిపోతుంది. మనం వాడే 60-40 టంకం కరగాలంటేనే 180 డిగ్రీలు దాటాలి కాబట్టి ఇక చెప్పేదేముంది. అయితే చౌకరకం కొన్నాం కదా అని పారేయక్కర్లేదు. టంకం వేసేటప్పుడు ఎదురు జోడీ ప్లగ్గును దానికి తొడిగి ఉంచితే పిన్ను కదలకుండా నిలుస్తుంది, వేడి కూడా అటు పంచుకుపోతుంది. తీగకూ పిన్నుకూ ముందే పలుచగా టంకం పూసి పెట్టుకుని, రెండు సెకన్లలో అంటించి ఐరన్ తీసేయాలి. మెకానిక్ దుకాణాల్లో దొరికే ఘాటైన యాసిడ్ పేస్టు మాత్రం దీనికి వద్దు. రోజిన్ నిండిన సోల్డర్ తీగే వాడండి. పేస్టు మిగిలితే ఆర్నెల్లలో రాగికి పచ్చటి చిలుము పడుతుంది.

ఇక ఏ రకం ఎంచుకోవాలన్న చర్చ. ఇది మూడు సమావేశాలు నడిచింది. కనెక్టర్ ఇంపిడెన్స్, అంటే రేడియో సిగ్నల్‌కు అది చూపే నిరోధం, 50 ఓములా, 75 ఓములా అన్న దగ్గరే చాలాసేపు ఆగాం. నిట్‌లో చదువుకుంటున్న ఇద్దరు సభ్యులు లెక్క వేసి చూపించాక గానీ అది తెగలేదు. 7 మెగాహెర్ట్జ్ తరంగం పొడవు సుమారు 42 మీటర్లు. అందులో రెండు సెంటీమీటర్ల కనెక్టర్ ఎన్ని ఓములైనా ఆ తరంగానికి అది కనపడనే కనపడదు. మొత్తం యాంటెన్నానే 75 ఓములైనా, 50 ఓముల లైను మీద ఎస్‌డబ్ల్యూఆర్ (పొంతన ఎంత తప్పిందో చెప్పే కొలత, 1 అయితే పూర్తిగా కుదిరినట్టు) 1.5 వస్తుంది, వెనక్కి మళ్లే పవర్ 4 శాతమే. అదే 145 మెగాహెర్ట్జ్‌కు వస్తే తరంగం రెండు మీటర్లకు కుదించుకుపోతుంది. అక్కడ నాసిరకం జాయింటు తన రంగు చూపిస్తుంది. 435 దగ్గర ఇంకా ఎక్కువ. కాబట్టి హెచ్‌ఎఫ్ (3 నుంచి 30 మెగాహెర్ట్జ్) సెట్లకు ఓముల గురించి బెంగపెట్టుకోవద్దని, పిన్ను పట్టు గురించీ షీల్డు (కేబుల్ నడిమి తీగ చుట్టూ ఉండే లోహపు అల్లిక) జాయింటు గురించీ పట్టించుకోవాలని తేల్చాం. నా మటుకు నాకు ఈ ఏడాది మనం తేల్చుకున్నవాటిలో ఇదే పెద్దది.

ఈ లెక్క తెలిశాక సీసీ కెమెరా దుకాణాల వైపు ధైర్యంగా చూశాం. మన ఊళ్లో కెమెరాలు పెట్టేవాళ్లు చాలామంది నెట్‌వర్క్ కేబుల్ రకానికి మారుతున్నారు. పాత కెమెరాలకు వాడిన బీఎన్‌సీ పిగ్‌టెయిళ్లు (పొట్టి తీగ ముక్కతో వచ్చే ప్లగ్గులు), జాయింటర్లు, త్రీ ప్లస్ వన్ కేబుల్ (మూడు తీగలూ, షీల్డున్న ఒక కోయాక్స్ కేబులూ కలిసినది) ముక్కలు వాళ్ల గోదాముల్లో మూలన పడి ఉంటున్నాయి. అడిగితే గుప్పెళ్లతో ఇస్తున్నారు. అవి 75 ఓముల పేరుతో అమ్మేవే అయినా 50 ఓముల బీఎన్‌సీకి ఇబ్బంది లేకుండా పడతాయి. ఒక్క జాగ్రత్త చెప్పాలి. ఎన్-టైపు కనెక్టర్లలో మాత్రం ఇలా కలపకూడదు. అక్కడ 75 ఓముల పిన్ను సన్నం కనుక, 50 ఓముల ప్లగ్గు దూరిస్తే సాకెట్టు విచ్చుకుపోతుంది. త్రీ ప్లస్ వన్ కేబుల్‌లోని కోయాక్స్ షీల్డు చాలా పలుచన. వినడానికి సరిపోతుంది గానీ, దాన్ని ట్రాన్స్‌మిట్ లైనుగా డాబా మీదికి లాగకండి.

బీఎన్‌సీ అంటే బ్రిటిష్ నేవీ కనెక్టర్ అని మనలో ఒకరిద్దరు చెబుతూ వచ్చారు. అది కాదు. బయొనెట్ పద్ధతిలో తిప్పి బిగించేది కాబట్టి బీ, బెల్ ల్యాబ్స్‌కు చెందిన పాల్ నీల్ పేరు నుంచి ఎన్, ఆంఫినాల్‌కు చెందిన కార్ల్ కాన్సెల్‌మన్ పేరు నుంచి సీ. కొత్తవాళ్లకు సరైనదే చెబుదాం.

డబ్బా బయటికి బీఎన్‌సీ అని నిర్ణయమైంది. డబ్బా లోపల బోర్డు నుంచి బోర్డుకు వెళ్లే లైన్లకు ఏం పెట్టాలన్న దాని మీదే మనవాళ్లు చేత్తో తయారుచేసిన పని ఉంది. నాకు ఎక్కువ సంతోషమిచ్చింది కూడా ఇదే.

బెర్గ్ స్ట్రిప్ (వరుసగా పిన్నులున్న ప్లాస్టిక్ పట్టీ) నుంచి మూడు పిన్నుల ముక్క తీసుకుంటాం. నడిమి పిన్ను సిగ్నల్, రెండు పక్కలా గ్రౌండు. ఇలా ఉంటే ప్లగ్గును ఎటు తిప్పి పెట్టినా తప్పు పోదు. రెండు పిన్నులతో చేసినప్పుడు తిరగేసి పెట్టి షార్టు చేసిన అనుభవం మనలో చాలామందికి ఉంది. 2.8 మిల్లీమీటర్ల ఆర్‌జీ-174 కేబుల్ పై తొడుగును ఒక సెంటీమీటరు ఒలిచి, జడలా అల్లి ఉన్న షీల్డును సూదితో విడదీసి రెండు పాయలు చేసి, ఒక్కో పాయను పురిపెట్టి పలుచగా టంకం పూయాలి. నడిమి తీగ బయటికి మూడు మిల్లీమీటర్లకు మించి కనపడకూడదు. మూడింటినీ అంటించాక ష్రింక్ ట్యూబు తొడిగి వేడి చూపిస్తే అయిపోయినట్టే. ఖర్చంతా కలిపి కొద్ది రూపాయల్లోనే.

ఇక్కడ రెండు తిరకాసులు ఉన్నాయి. ఫిమేల్ స్ట్రిప్‌ను (పిన్నులు దూరే గదులున్న పట్టీని) మూడు గదుల ముక్కగా కోయాలంటే గీత మీద కోస్తే మూడో గది పగులుతుంది. నాలుగో గదిని వదులుకుని దాని నడిమికే కట్టర్ పెట్టాలి. రెండోది, గుండ్రటి రంధ్రాల ఐసీ బేస్ స్ట్రిప్ పట్టు మామూలు దానికన్నా ఎంతో గట్టిది కాబట్టి అదే వాడమన్నాం. కొందరు దాంట్లోకి మామూలు బెర్గ్ చదరపు పిన్నును బలవంతంగా దూర్చారు. ఆ పిన్ను 0.64 మిల్లీమీటర్ల చదరం, మూల నుంచి మూలకు ఇంకా ఎక్కువ. ఒక్కసారి దూరితే లోపలి స్ప్రింగు మళ్లీ మూసుకోదు. గుండ్రటి రంధ్రానికి గుండ్రటి పిన్ను స్ట్రిప్పే జోడీ.

ఇంత సన్నటి పిన్ను పవర్‌కు తట్టుకుంటుందా అని పెద్దలు అడిగారు. అడగాల్సిన ప్రశ్నే. 50 ఓముల మీద 5 వాట్లంటే ఆర్‌ఎంఎస్ లెక్కన 16 వోల్టులు, ఆంపియర్‌లో మూడో వంతు కూడా లేదు. 50 వాట్లయినా 50 వోల్టులు, ఒక ఆంపియరే. సెట్టు లోపల దీనికి భయం లేదు. కానీ యాంటెన్నా సరిగ్గా కుదరనప్పుడు వోల్టేజీ పెరుగుతుంది కనుక, పవర్ ఇచ్చే ఫైనల్ ట్రాన్సిస్టర్ల నుంచి యాంటెన్నా సాకెట్టు దాకా మాత్రం కనెక్టరే లేకుండా కేబుల్‌ను నేరుగా టంకం వేయమని నా సలహా. విప్పే అవసరం లేనిచోట కనెక్టర్ ఎందుకు?

ఇత్తడి గొట్టంతో పూర్తి కోయాక్స్ కనెక్టరే చేయాలని ఒక సభ్యుడు పట్టుబట్టి, ములుగు రోడ్డులో లేత్ పనివారి దగ్గర కొన్ని చేయించారు. గాలి మధ్యలో ఉంటే బయటి గొట్టం లోపలి వ్యాసం పిన్నుకు 2.3 రెట్లు ఉండాలి, అప్పుడే 50 ఓములు. 1.3 మిల్లీమీటర్ల పిన్నుకు 3 మిల్లీమీటర్ల రంధ్రం. పని ముచ్చటగా ఉంది, చేయి తిరిగిన పని. కూలి లెక్కేస్తే కొన్న బీఎన్‌సీ కన్నా ఎక్కువైంది. అందుకని ఆపేశాం. ఆ నమూనాలు సమావేశంలో బల్ల మీద ఉంటాయి, చూడండి.

ఆర్‌సీఏను పూర్తిగా వదులుకోలేదు. డమ్మీ లోడుకు, అంటే సెట్టును పరీక్షించేటప్పుడు యాంటెన్నా బదులు తగిలించే రెసిస్టర్లకు, అదే చాలు: ఒక కిలో ఓము, 2 వాట్ల రెసిస్టర్లు ఇరవై పక్కపక్కన కలిపితే 50 ఓములు, 40 వాట్లు. తీగ చుట్టిన రెసిస్టర్లు మాత్రం పనికిరావు. ఆర్‌సీఏలో గ్రౌండు కన్నా ముందు నడిమి పిన్ను తగులుతుంది కాబట్టి ట్రాన్స్‌మిట్‌లో ఉండగా పీకడం, పెట్టడం చేయవద్దు. కేబుల్ టీవీ ఎఫ్-కనెక్టర్ వినే యాంటెన్నాలకు బాగుంటుంది, అన్నిటికన్నా చౌక. దాంట్లో కేబుల్ నడిమి తీగే పిన్ను. షీల్డు అల్యూమినియం కాబట్టి దానికి టంకం పట్టదు, మరతిప్పి బిగించుకోవడమే.

మరతో బిగించే చిన్న ఎస్‌ఎంఏ కనెక్టర్‌ను 145, 435 మెగాహెర్ట్జ్ లాంటి వీహెచ్‌ఎఫ్, యూహెచ్‌ఎఫ్ పనులకూ, యాంటెన్నాలను కొలిచే నానోవీఎన్‌ఏ మీటరుకూ మాత్రమే ఉంచాం. అది సుమారు 500 సార్లు పెట్టి తీయడానికి చేసిన వస్తువు. నెలనెలా పదిమంది చేతులు మారే మీటరుకు ఆ లెక్క తొందరగానే నిండుతుంది. అందుకే సంఘం మీటరు మీద ఒక అడాప్టర్‌ను శాశ్వతంగా బిగించి ఉంచాం. దాన్ని తీయకండి, అరిగితే అదే అరగాలి. బిగించేటప్పుడు నట్టును మాత్రమే తిప్పాలి, కేబుల్‌ను పట్టుకుని తిప్పితే లోపల పిన్ను ఒరుసుకుంటుంది. చేతి బిగువు తర్వాత 8 మిల్లీమీటర్ల పానాతో కొద్దిగా. ఇక వైఫై రూటర్ల యాంటెన్నాలు తెచ్చి తగిలించే అలవాటు ఆపండి. వాటిలో ఎక్కువ రివర్స్ రకం. మర బాగా కూర్చుంటుంది, లోపల రంధ్రానికి రంధ్రం ఎదురవుతుంది, సిగ్నల్ దాటదు. పిన్నుకు పిన్ను ఎదురైతే రెండూ వంగుతాయి.

వాన సంగతి. 2023 జూలైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్ల వాన పడ్డ ప్రాంతం మనది. కేబుల్ షీల్డు వత్తిలా నీళ్లను పీలుస్తుంది. డాబా మీది ప్రతి జాయింటుకు పాత సైకిల్ ట్యూబు పట్టీ సాగదీసి చుట్టి, ఎండకు రబ్బరు పగలకుండా పైన పీవీసీ టేపు వేయండి. కేబుల్ ఇంట్లోకి దిగేచోట ఒక వంపు వదిలితే నీటిచుక్క అక్కడే రాలిపోతుంది. ఈ ఏడాది తెరిచి చూసిన పాత కేబుళ్లలో నల్లబడ్డ రాగే ఎక్కువ.

మిగతా కార్యక్రమాలు: లైసెన్సు పరీక్షకు సిద్ధమయ్యేవారికి ఆదివారం తరగతులు వానలప్పుడు తప్ప ఆగలేదు. మోర్స్ నేర్చుకునేవాళ్లు తక్కువయ్యారు, పెద్ద సభ్యులు కాస్త సమయం ఇవ్వాలి. 20 మీటర్ల పొడవు డైపోల్ కట్టడం మీద ఒక శిక్షణ జరిపాం. జమాఖర్చుల పత్రం కోశాధికారి విడిగా చదువుతారు.

వచ్చే ఏడాదికి ఒకటే ప్రతిపాదన సభ ముందు పెడుతున్నాను: సభ్యులు కొత్తగా కట్టే ప్రతి సెట్టుకూ యాంటెన్నా వైపు బీఎన్‌సీ ఫిమేల్, లోపల మూడు పిన్నుల స్ట్రిప్, నడిమిది సిగ్నల్. ఒప్పుకుంటే చేతులెత్తి ఆమోదించండి. కాజీపేట సభ్యుడి సెట్టు కొత్త సాకెట్టుతో అదే బల్ల మీద పెట్టి ఉంది. యాంటెన్నా తగిలించే ఉంది, సభ అయ్యాక వచ్చి వినవచ్చు.

కార్యదర్శి
హన్మకొండ