వార్షిక నివేదిక: ఇళ్లలోకి వచ్చిన నీళ్లు, మనం నేర్చుకున్న జాగ్రత్తలు

మన అపార్ట్‌మెంటు సంఘం సభ్యులందరికీ నమస్కారం.

మెట్ల దగ్గర దీపాలు మార్చడం, పార్కింగు గీతలు వేయించడం, లిఫ్టు మరమ్మతు ఒప్పందం పొడిగించడం ఈ ఏడాది అనుకున్న గడువులోనే అయిపోయాయి. జమాఖర్చులు కోశాధికారి విడిగా పంపుతారు. కార్యదర్శిగా నేను ఈ నివేదికను దాదాపుగా ఒక్క విషయానికే కేటాయిస్తున్నాను. ఈ ఏడాది మన ఇళ్లలోకి మూడుసార్లు నీళ్లు చేరాయి. మూడుసార్లూ వచ్చినవి వేరు వేరు నీళ్లు. మనం మాత్రం వైపరు పట్టుకుని అన్నిటినీ ఒకేలా తోసేశాం.

నీటి నష్టం జరిగిన ఇళ్లను బాగుచేసే వృత్తివాళ్లు ఎస్500 అనే ప్రమాణాన్ని అనుసరిస్తారు. అందులో నీళ్లు మూడు తరగతులు. మంచినీటి పైపు నుంచి వచ్చినవి మొదటి తరగతి. వాషింగ్ మెషీను వదిలిన నీళ్లలాంటివి రెండో తరగతి. మురికి, సబ్బు, కొన్ని క్రిములు ఉంటాయి, నోట్లోకి పోతే జబ్బు చేయవచ్చు. డ్రైనేజీ ఎదురుతన్నిన నీళ్లు, వరద నీళ్లు మూడో తరగతి. ఈ లెక్క రంగును బట్టి కాదు. నీళ్లు ఎక్కడి నుంచి వచ్చాయి, వేటి మీదుగా పారాయి, ఎంతసేపు నిలిచాయి అన్నదాన్ని బట్టి.

మొదటి ఘటనలో వాష్‌బేసిన్ కింద పైపు పగిలింది. ఇంట్లోవాళ్లు ఊళ్లో లేరు. మూడో రోజు తలుపు తీసేసరికి చీలమండ లోతు నీళ్లు, చూడ్డానికి తేటగానే ఉన్నాయి. కుళాయి నీళ్లే కదా అనుకున్నాం. కానీ అవి తివాచీ కిందా అలమర అడుగునా అన్ని గంటలు నానాక ఇక మంచినీళ్లు కావు. ఒక తరగతి దిగజారినట్టే లెక్క. తడిసిన వస్తువులను 24 నుంచి 48 గంటల్లో ఆరబెట్టకపోతే బూజుకు తావిచ్చినట్టే. అలమర అడుగు పలక చెక్కపొట్టు అదిమి చేసిన రకం. వేలితో నొక్కితే పొరలు పొరలుగా విడిపోయింది. గోడ చేతికి పొడిగానే తగిలింది. చెమ్మ కొలిచే మీటరు పెట్టి చూస్తే మోకాలి ఎత్తు దాకా తడే. ఆ గోడ జిప్సం బోర్డుది, అది నీటిని దీపపు ఒత్తిలా పైకి పీల్చుకుంటుంది. అందుకే పై రంగును నమ్మకుండా కింది భాగం కోయించాం. ఆ మీటరు ఇప్పుడు సంఘం గదిలో ఉంది, ఎవరైనా తీసుకెళ్లవచ్చు.

రెండో ఘటన చిన్నది. వాషింగ్ మెషీను గొట్టం ఊడింది. ఆ గంటలోనే తుడిచి, సబ్బుతో కడిగి, గాలి ఆడేలా తలుపులు తెరిచారు. ఇబ్బంది ఏమీ రాలేదు.

మూడోది రాయడానికి నాకు బాధగా ఉంది. కింది అంతస్తు బాత్‌రూములోంచి డ్రైనేజీ ఎదురుతన్ని పడకగది దాకా వచ్చింది. కంగారులో మన సఫాయి కార్మికురాలిని పిలిచాం. ఆమె చేతులకు తొడుగులు లేవు, కాళ్లకు మామూలు చెప్పులు. అలాంటి నీళ్లలో మలం నుంచి వచ్చే క్రిములు, హెపటైటిస్ ఎ వైరస్ ఉండవచ్చు. ఎలుకల మూత్రం కలిస్తే చర్మం మీది చిన్న గీత ద్వారా కూడా లెప్టోస్పైరోసిస్ అనే ఎలుక జ్వరం సోకవచ్చు. ఆమెకు ఏమీ కాలేదు, కానీ అది మన జాగ్రత్త వల్ల కాదు. సంఘం తరఫున ఆమెకు క్షమాపణ చెప్పాను. ఇకపై మోకాళ్ల దాకా రబ్బరు బూట్లు, మందపాటి తొడుగులు, కళ్లకు రక్షణ అద్దాలు, మాస్కు లేకుండా ఎవరూ, ఇంటి యజమాని అయినా సరే, ఆ నీళ్లలో దిగకూడదని కమిటీ తీర్మానించింది.

ఆ రోజు ఇంకా రెండు తప్పులు చేశాం. త్వరగా ఆరాలని ముందే ఫ్యాన్లు వేశాం. మురుగు తుంపరలు గదంతా చిమ్మాయి. మురుగు తీసి, కడిగాకే ఫ్యాను వేయాలి. రెండోది, మడ్డి మీదే బ్లీచ్ పోశాం. మురికి ఉన్నచోట క్లోరిన్ శక్తి దాని మీదే ఖర్చయిపోతుంది, క్రిముల దాకా చేరదు. ముందు మడ్డి ఎత్తి, సబ్బు నీళ్లతో రుద్ది కడగాలి. తర్వాతే బ్లీచ్, అదీ గట్టి నేల మీద: సుమారు 4 లీటర్ల నీళ్లకు 240 మిల్లీలీటర్ల ఇంటి బ్లీచ్ మించకుండా, ఏ రోజుకారోజు కలుపుకుని, డబ్బా మీద రాసినంతసేపు తడిగా ఉంచాలి. అప్పటికే ఎవరో యాసిడ్ క్లీనరు కూడా పోయడంతో కళ్లు మండి అందరం బయటికి పరుగెత్తాం. బ్లీచ్‌కు యాసిడ్ తగిలితే క్లోరిన్ వాయువు పుడుతుంది. అమ్మోనియా ఉన్న క్లీనర్లతో కలిసినా విషవాయువే. బ్లీచ్ డబ్బానూ ఈ క్లీనర్ల డబ్బాలనూ ఒకే బకెట్టు దగ్గరికి రానివ్వకండి.

పరుపు పారేయమన్నప్పుడు ఆ ఇంటివాళ్లు బాధపడ్డారు. ఎండలో పెడితే సరిపోదా అని అడిగారు. మురుగు పీల్చిన పరుపు, దిండు, తివాచీ కింది స్పాంజి లోపలి దాకా శుభ్రం కావు. పలకరాయి, లోహం, గాజు, గట్టి ప్లాస్టిక్ కడిగి వాడుకోవచ్చు. ఏది ఉంచాలి, ఏది తీసేయాలి అన్న మాట కమిటీ గట్టిగానే చెబుతుంది, దయచేసి నొచ్చుకోకండి. పారేసే ముందు ఫొటోలు తీసి పెట్టుకోండి, బీమాకు పనికొస్తాయి.

కరెంటు సంగతి: నీళ్లలో నిలబడి మెయిన్ స్విచ్ ముట్టుకోవద్దు. పొడి చోటు నుంచి అందకపోతే ఎలక్ట్రీషియన్‌ను పిలవండి. అతను వచ్చేదాకా గదిలోకి దిగకండి.

వచ్చే ఏడాదికి మూడు పనులు పెట్టుకున్నాం. ప్రతి ఫ్లాటుకు నీళ్లు ఆపే గేట్‌వాల్వు మీదా నంబరు రాయించడం, రబ్బరు బూట్లూ తొడుగులూ మాస్కులూ సంఘం గదిలో ఉంచడం, కింది అంతస్తు డ్రైనేజీ లైన్లకు ఎదురుతన్నకుండా ఆపే వాల్వులు పెట్టించడం. మూడోదానికి సర్వసభ్య సమావేశంలో మీ ఆమోదం కావాలి. అప్పటిలోగా, ఊరెళ్లేటప్పుడు మీ గేట్‌వాల్వు కట్టేసి, తాళంచెవి ఒకటి పక్కింటివాళ్లకు ఇచ్చి వెళ్లండి.

ఇట్లు,
కార్యదర్శి