వేలిముద్ర అంగీకారం కాదు: విశాఖపట్నం జిల్లా కలెక్టర్ గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కలెక్టర్ గారికి,

నమస్కారం. గత నెల మద్దిలపాలెంలో మా అపార్ట్‌మెంటు సెప్టిక్ ట్యాంకును శుభ్రం చేయించడానికి వచ్చిన ఒక కాంట్రాక్టరు, ఇద్దరు కూలీలను లోపలికి దించబోయే ముందు, ‘నా ఇష్టపూర్వకంగానే దిగుతున్నాను’ అని రాసిన కాగితంపై వారి చేత వేలిముద్రలు వేయించాడు. అందులో ఏముందో చదివి చెప్పమని వారిలో చిన్నవాడు నన్నే అడిగాడు. చదివాను. “దిగకపోతే రేపటి నుంచి పనికి పిలవరమ్మా” అన్నాడు. ఆ రోజు పని ఆపించగలిగాం. మరో వీధిలో ఎవరు ఆపుతారు?

ఆకలి, పేదరికాల ఒత్తిడి కూడా బలవంతమేనని ఆసియా క్రీడల నిర్మాణ కార్మికుల కేసులో సుప్రీంకోర్టు 1982లోనే చెప్పింది. రక్షణ సాధనాలు లేకుండా మనిషిని మురుగులోకి దించడాన్ని పాకీపని నిషేధానికి వచ్చిన 2013 చట్టం నిషేధించింది; కూలీ ఒప్పుకున్నాడన్నది అక్కడ సమాధానమే కాదు. పైగా ఈ పనికి పిలుపు తరతరాలుగా దళితవాడలకే వెళ్తోంది. 1968లో అమెరికాలోని మెంఫిస్‌లో నల్లజాతి పారిశుద్ధ్య కార్మికులు ‘నేను మనిషిని’ అన్న అట్టలు పట్టుకుని సమ్మె చేసింది కూడా ఇటువంటి అవమానం మీదనే.

ఆ 2013 చట్టం ప్రకారం, దాని అమలును చూసే జిల్లా నిఘా కమిటీకి అధ్యక్షులు మీరే. కాబట్టి కార్మికులనే కూర్చోబెట్టి ఆ కమిటీని సమావేశపరచాలని, ఇటువంటి కాగితాలను కాంట్రాక్టర్లపైనే సాక్ష్యంగా స్వీకరించాలని, దిగనన్న మనిషికి మర్నాడు పని పోకుండా రాతపూర్వకమైన ఆదేశం ఇవ్వాలని వేడుకుంటున్నాను.

ఇట్లు,
మద్దిలపాలెం నివాసి