సంతకం కోసమేనా బడి కమిటీ?

సంపాదకులకు నమస్కారం.

నేను బోరబండలో బట్టలు కుడతాను. మా చిన్నది బస్తీలోని సర్కారు ప్రాథమిక పాఠశాలలో నాలుగో తరగతి చదువుతోంది. ఆ బడి యాజమాన్య కమిటీకి నేను అధ్యక్షురాలిని. ఎన్నిక రోజు "టెన్త్ పాసైంది, సంతకం పెట్టగలదు" అని ఎవరో నా పేరు చెప్పారు, మిగతావాళ్లు చేతులెత్తారు. ఆ మాట అప్పుడు నాకు గొప్పగానే అనిపించింది.

తర్వాత ఏడాదిన్నర నేను చేసింది కూడా సంతకమే. ఐదో తరగతి పిల్లవాడు తీర్మానాల పుస్తకం చంకలో పెట్టుకుని దుకాణానికి వచ్చేవాడు. "ఆంటీ, మేడం సంతకం పెట్టమన్నది" అని వేలు పెట్టి చూపించేవాడు. మిషన్ ఆపి పెట్టేదాన్ని. దసరా సెలవుల ముందు వాడు అట్లనే వచ్చిన రోజు కరెంటు లేదు. చేతిలో పని లేక పేజీలు వెనక్కి తిప్పాను. ఒక తేదీ కింద "సభ్యులందరూ హాజరై చర్చించి ఏకగ్రీవంగా తీర్మానించడమైనది" అని ఉంది. ఆ తేదీన నేను జనగామలో మా పెద్దమ్మ దినాలకు పోయి ఉన్నాను. కింద ఉన్న సంతకం మాత్రం నాదే. ఆ తీర్మానంలోనే ఇంకో వాక్యం: "బోధనా సిబ్బంది సరిపడా ఉన్నారు."

మా బడి హాజరు పట్టీలో 134 మంది పిల్లలున్నారు. హెడ్మాస్టర్ మేడంతో కలిపి టీచర్లు ముగ్గురు. ఒకటి, రెండు తరగతులు ఒకే గదిలో కూర్చుంటాయి. వాళ్లకు అక్షరాలు దిద్దించేది ఇంటర్ చదివిన మా బస్తీ అమ్మాయి. ఆమెకు నెలకు 4,000 రూపాయలు ఆ ముగ్గురూ తమ జీతాల్లోంచి తీసి ఇస్తున్నారు. బస్తీలో ఈ సంగతి తెలియనివాళ్లు లేరు. విద్యాశాఖకు చేరే కాగితంలో మాత్రం సిబ్బంది సరిపడా ఉన్నారు, దాని కింద నా సంతకం ఉంది.

మేడం మీద నాకు కోపం లేదని ముందే చెప్తున్నాను. మూడు తరగతులు చూసుకుంటూ, భోజనం లెక్కలు రాస్తూ, ఫోన్లో హాజరు ఎక్కించే మనిషికి మీటింగు పెట్టే తీరిక ఎక్కడిది? పాత తీర్మానం చూసి కొత్తది రాయడం అలవాటైపోయింది. దాన్ని చదవకుండా సంతకం పెట్టడం నాకు అలవాటైంది. తప్పు ఇద్దరిదీ.

నా దగ్గర జాకెట్లు కుట్టించుకునే రిటైర్డ్ టీచరమ్మ ఒకరున్నారు. ఈ మాట ఆమెకు చెప్తే, వారం తిరక్కముందే విద్యాహక్కు చట్టం తెలుగు ప్రతి తెచ్చి దుకాణంలో కూర్చుని చదివి వినిపించారు. 2009లో పార్లమెంటు చేసిన చట్టం, 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. 21వ సెక్షన్ ప్రకారం ప్రతి సర్కారు బడికీ కమిటీ ఉండాలి. అందులో నాలుగింట మూడొంతుల మంది తల్లిదండ్రులే, సగం మంది ఆడవాళ్లు. బడి ఎట్లా నడుస్తోందో చూడాలి, వచ్చిన నిధులు ఎట్లా ఖర్చవుతున్నాయో చూడాలి, బడి అభివృద్ధి ప్రణాళిక తయారుచేయాలి. ఆ ప్రణాళిక కమిటీయే తయారుచేయాలని 22వ సెక్షన్ మళ్లీ విడిగా చెప్తోంది. ఇంకా ముందుకు పోతే చివర ఒక పట్టిక ఉంది. ఒకటి నుంచి ఐదు తరగతుల్లో 121 నుంచి 200 మంది పిల్లలుంటే ఐదుగురు టీచర్లు ఉండాలి. ఆ గీత దగ్గర ఆమె ఆగి నా మొహం చూశారు. మా బడికి రెండు పోస్టులు రావాలి. మేం అడగనే లేదు. అడగకపోగా, అవసరం లేదని రాసిచ్చాం.

ఇన్నాళ్లూ నేను కమిటీ అంటే ఒక మర్యాద అనుకున్నాను. అది చట్టం మా మీద పెట్టిన పని. చూడకుండా సంతకం పెడితే పిల్లల అవసరాన్ని మా చేత్తోనే కొట్టేసినట్టు.

2024లో సర్కారు బడుల పనులు చూసేందుకు అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు వచ్చాయి. మహిళా సంఘాల వాళ్లు వాటికి అధ్యక్షులు. మా సంఘం తరఫున పిల్లల యూనిఫాంలు నేనూ కుట్టాను, ఆ కమిటీల వల్ల మేలు జరగలేదని అనను. కానీ అవి వచ్చాక "ఇంక మీ పాత కమిటీతో పనేముంది" అనే మాట వినిపిస్తోంది. 21వ సెక్షన్ ఎక్కడికీ పోలేదు.

డబ్బు సంగతి కూడా అంతే. 100 దాటి 250 లోపు పిల్లలున్న బడికి సమగ్ర శిక్ష అనే కేంద్ర పథకం కింద ఏడాదికి 50,000 రూపాయలు, అందులో కనీసం పదో వంతు శుభ్రతకు అని నిబంధన. ఆ అంకె నాకు మొన్నటిదాకా తెలియదు. ఎంత రావాలో తెలియకుండా ఎంత ఖర్చయిందో ఏం చూస్తాం?

మా ఆడపడుచు కొడుకు ప్రైవేటు బడిలో చదువుతాడు. ప్రభుత్వ సాయం తీసుకోని అలాంటి బడులకు ఈ 21వ సెక్షన్ వర్తించదు. వాటికి 1994 జనవరి 1 నాటి జీవో నంబరు 1 ఉంది. పాలకవర్గం ఉండాలి, వసూలైన ఫీజుల్లో సగం సిబ్బంది జీతాలకు పోవాలి, యాజమాన్యానికి మిగిలేది 5 శాతం దాటకూడదు. వాళ్ల బడి పాలకవర్గంలో ఎవరున్నారని అడిగితే మా ఆడపడుచు దగ్గర జవాబు లేదు.

దీపావళి తర్వాత ఒక ఆదివారం పొద్దున మేడం బడి తాళం తీశారు. కమిటీలో ఉన్న 15 మంది తల్లిదండ్రుల్లో 11 మంది వచ్చారు. పనిదినం 11 గంటలకు పిలిస్తే రానివాళ్లే వీళ్లంతా. ఇళ్లలో పనిచేసే తల్లికి, అడ్డా మీద నిలబడే తండ్రికి ఆ పూట కూలి పోతుంది మరి. తెలుగు చదవలేని తల్లులు ముగ్గురుంటే ప్రతి తీర్మానం ఉర్దూలో చెప్పాకే సంతకాలు తీసుకున్నాం. "చట్టం ప్రకారం ఐదుగురు కావాలి, ముగ్గురే ఉన్నారు, ఇద్దరు కావాలి" అని బడి అభివృద్ధి ప్రణాళికలో మేడమే తన చేత్తో రాశారు. రాసేటప్పుడు ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఆ ప్రణాళిక ప్రతి పట్టుకుని నేను విద్యాశాఖ ఆఫీసుకు పోతే "ఇది మీ పని కాదమ్మా, హెడ్మాస్టర్ లెటర్ చాలు" అన్నారు. 22వ సెక్షన్ ఉన్న పేజీ చూపించాను. అందినట్టు ముద్ర వేయించుకోవడానికి మూడుసార్లు తిరిగాను, మూడు పూటల పని పోయింది.

అధికారులను నేను అడిగేది ఇంతే. కమిటీ మీటింగులు ఆదివారమో సాయంత్రమో పెట్టనివ్వండి. ఎన్నికైన ప్రతి సభ్యుడికీ చట్టం ప్రతిని తెలుగులో, ఉర్దూలో చేతికివ్వండి. తీర్మానాలు, ఖర్చుల లెక్క బడి గోడ మీద అంటించమని చెప్పండి. కమిటీ ఇచ్చిన కాగితం తీసుకుని అదే రోజు ముద్ర వేసివ్వండి.

ఒకటి, రెండు తరగతులకు చెప్తున్న ఆ అమ్మాయి వచ్చే విద్యా సంవత్సరం డిగ్రీలో చేరుతోంది. జూన్‌లో బడి తెరిచేనాటికి ఆ గదిలోకి ఎవరు వస్తారో మాకు రాతపూర్వకంగా చెప్పండి.

— ఒక బడి కమిటీ అధ్యక్షురాలు,
బోరబండ, హైదరాబాద్