చేతి గడ్డకు సూది వేసే ముందు అల్ట్రాసౌండ్ స్కాన్ తప్పనిసరి చేయండి: ఆరోగ్య శాఖ మంత్రిగారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆరోగ్య శాఖ మంత్రిగారికి నమస్కారాలు.

మణికట్టు మీదో, వేలి మొదట్లోనో లేచిన గడ్డను నొక్కి చూసి నీటిగడ్డేనని తేల్చేయడం, అక్కడికక్కడే సూదితో లాగేయడం చాలా ఆసుపత్రుల్లో నేటికీ జరుగుతోంది. చేతికి వచ్చే మెత్తని గడ్డల్లో గాంగ్లియన్లే, అంటే కీలు దగ్గర చిక్కటి ద్రవంతో నిండిన నీటితిత్తులే, ఎక్కువ కాబట్టి ఆ అంచనా తరచుగా నిజమే అవుతుంది. చిక్కంతా మిగిలిన వాటితోనే.

మణికట్టు లోపలివైపు, నాడి చూసే చోట వచ్చే గాంగ్లియన్ చాలావరకు రేడియల్ ధమనిని ఆనుకునే ఉంటుంది. అరుదుగా అక్కడ ఉన్నది అసలు గాంగ్లియన్ కాకుండా, ధమని గోడ ఉబ్బి ఏర్పడిన సంచి కావచ్చు. ధమని మీద కూర్చున్న తిత్తి కూడా నాడితో పాటే ఎగురుతుంది కనుక ఆ తేడా వేలికి అందదు. రక్తప్రవాహాన్ని చూపే డాప్లర్ స్కాన్ పెడితే వెంటనే తెలిసిపోతుంది. వేళ్ల స్నాయువు తొడుగులో పుట్టే జయంట్ సెల్ ట్యూమర్ కూడా చేతికి గాంగ్లియన్‌లాగే తగులుతుంది, కానీ అది ద్రవం లేని ఘనమైన కణితి.

అల్ట్రాసౌండ్‌లో నీటితిత్తి తెర మీద నల్లగా, స్పష్టమైన అంచులతో కనిపిస్తుంది, దాని వెనకనున్న కణజాలం మామూలుకన్నా తెల్లగా మెరుస్తుంది, లోపల రక్తప్రవాహం ఉండదు. పాతబడిన తిత్తుల్లో పొరలు, మసక ఉండవచ్చు. కీలులో చేరిన నీరైతే ప్రోబ్‌తో (చర్మం మీద ఆనించే స్కాన్ పరికరంతో) నొక్కగానే పక్కకు జరిగిపోతుంది, గాంగ్లియన్ జరగదు. ఓపికగా ప్రోబ్ తిప్పితే కీలు వైపు సాగే సన్నని కాడ కూడా దొరుకుతుంది. మణికట్టు వెనకవైపు గడ్డల్లో అది సాధారణంగా స్కాఫాయిడ్, లూనేట్ ఎముకలను కలిపే బంధనం దగ్గరికి చేరుతుంది. కాడను వదిలి తిత్తిని మాత్రమే తీస్తే గడ్డ తిరిగి వచ్చే అవకాశం ఎక్కువ కనుక, కాడ ఎటు పోతోందో రాయని రిపోర్టు, నా దృష్టిలో, సర్జన్‌కు సగమే పనికొస్తుంది.

ఈ పని ఆగుతున్నది స్కాన్ యంత్రాలు లేక కాదు, సరైన ప్రోబ్ లేక. కడుపు చూసే వంపు ప్రోబ్‌కు చర్మం కిందే ఉన్న చిన్న తిత్తి సరిగా కనబడదు. పౌనఃపున్యం 10 మెగాహెర్ట్జ్ దాటిన, చదునైన ముఖం గల లీనియర్ ప్రోబ్ కావాలి. ఉన్న యంత్రాలకు దాన్ని జోడించి, చేతి స్కాన్‌లో సిబ్బందికి శిక్షణ ఇప్పిస్తే ప్రతి గడ్డకూ ఎంఆర్‌ఐ రాయవలసిన అవసరం తప్పుతుంది. పైగా చాలా గాంగ్లియన్లు చికిత్స లేకుండానే కాలక్రమంలో తగ్గిపోతాయి. అది గాంగ్లియనేనని స్కాన్ తేల్చి చెబితే, నొప్పి లేని రోగి నిశ్చింతగా ఇంటికి వెళ్లవచ్చు.

కాబట్టి లీనియర్ ప్రోబ్‌లను, శిక్షణను సమకూర్చాలని, అవి అందేలోపే మణికట్టు లోపలివైపు గడ్డకు డాప్లర్ స్కాన్ లేకుండా సూదీ కత్తీ పెట్టరాదని అన్ని ఆసుపత్రులకూ ఉత్తర్వు పంపాలని, స్కాన్ సౌకర్యం లేని చోట రోగిని అది ఉన్న ఆసుపత్రికి పంపేలా ఆదేశించాలని కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక రేడియాలజీ వైద్యుడు