గంటలు కాదు, గ్రాములు రాయండి

సంపాదకులకు,

‘రెండు కప్పుల మైదా, చెంచాడు ఈస్ట్, గంటన్నర పక్కన పెట్టండి’. పత్రికల వంటల పేజీల్లో ఇంటి బ్రెడ్డంటే ఇంతే. తూచాల్సినవి కప్పులకు వదిలేసి, చేత్తో పట్టి చూడాల్సినదాన్ని గడియారానికి కట్టేస్తున్నారు.

మైదా జల్లించి కప్పులో పోస్తే 120 గ్రాములు తూగుతుంది, అదే కప్పుతో డబ్బాలో ముంచి తీస్తే 150. నీళ్లు మాత్రం ఇద్దరూ ఒకటే పోస్తారు. ఒకరి ముద్ద గట్టిపడుతుంది, ఇంకొకరిది చేతికంటుకుని జారుతుంది. అరకిలో మైదాకు 310 గ్రాముల నీళ్లు, 10 గ్రాముల ఉప్పు, 5 గ్రాముల ఇన్‌స్టంట్ ఈస్ట్ అని రాస్తే ఈ గొడవ ఉండదు. మర పట్టించిన గోధుమపిండి నీళ్లు ఎక్కువ పీలుస్తుంది కాబట్టి 350తో మొదలుపెట్టి చెంచా చెంచాగా పెంచుకోవాలి.

ఇక గంటన్నర సంగతి. అది చలిదేశాల లెక్క. మేలో బెజవాడ వంటింట్లో అంతసేపు వదిలితే ముద్ద జావకారి, పుల్లటి సారా వాసన వేస్తుంది. ఓవెన్లో పెట్టాక కుంగిపోతుంది. పిండిలోని చక్కెరంతా ఈస్ట్ తినేస్తుంది కనుక పైన రంగూ రాదు. ఎండాకాలం ఈస్ట్ 2 గ్రాములకు తగ్గించి, ఫ్రిజ్ నీళ్లతో కలపాలి. (ఇంటి కాటా 2 గ్రాములను సరిగా పట్టదు. కొలత చెంచాల్లో టీస్పూను తలకొట్టి తీస్తే సుమారు 3 గ్రాములు.) రోహిణి కార్తెలో ఇడ్లీ పిండి ఎంత తొందరగా పులుస్తుందో ఎవరూ చెప్పక్కర్లేని ఇల్లాళ్లు కూడా బ్రెడ్డు దగ్గర గడియారం చూస్తూ కూర్చోవడం ఈ రాతల పుణ్యమే!

చూడాల్సింది పిండిని. టిన్నులో పొంగిన ముద్దలో, పొడి పిండి అద్దిన వేలు అరంగుళం దించి తీయాలి. గుంట చటుక్కున పూడితే ఇంకా ఆగాలి. నెమ్మదిగా, సగమే పూడితే ఓవెన్లో పెట్టేయాలి, 200 డిగ్రీల వద్ద సుమారు 35 నిమిషాలు. గుంట అలాగే ఉండిపోతే పొంగు దాటిపోయినట్టు. పారేయనక్కర్లేదు, గాలి తీసి మళ్లీ చుట్టి, ఈసారి కాస్త ముందుగా చూసుకుంటే చాలావరకు దక్కుతుంది.

మీ వంటల పేజీకి రాసేవారితో కప్పుల బదులు గ్రాములు, గంటల బదులు ఈ గుర్తులు, వాటి పక్కనే ఎండాకాలానికో కొలత, చలికాలానికో కొలత రాయించమని మనవి.

- ఒక పాఠకురాలు, సత్యనారాయణపురం, విజయవాడ