తుఫాను భవనం తాళం తీయించండి: సాంస్కృతిక శాఖ మంత్రివర్యులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రివర్యులకు,

నమస్కారం. కోనసీమలో సముద్రానికి దగ్గరగా, కాలువ చివరి ఆయకట్టులో ఉన్న ఒక ఊరి నాటక సమాజానికి కార్యదర్శిగా, తాళం వేసి ఉంచిన మా ఊరి తుఫాను రక్షిత భవనంలో రాత్రిపూట రిహార్సల్ చేసుకోనివ్వమని కోరుతూ ఈ లేఖ రాస్తున్నాను. సమాజం అంటే పెద్ద మాటే గాని, మాకు సొంత భవనం లేదు, జీతం తీసుకునే నటుడు లేడు. కొబ్బరి దింపు కార్మికులు, రొయ్యల చెరువుల దగ్గర కాపలా ఉండేవాళ్ళు, ఇద్దరు ఉపాధ్యాయులు, గల్ఫ్‌లో ఇంటిపని చేసి తిరిగివచ్చిన ఆడవాళ్ళు, ఒక టైలరు కలిసి పెట్టుకున్నది ఇది. నూర్పిళ్ళప్పుడు ధాన్యం కొలిచి ఇచ్చినవారు, దింపునాడు కాసిని కాయలు పక్కన పెట్టినవారు, తెరలకు పాత చీరలిచ్చినవారు మా దాతలు. అందుకే మా నాటకం ఎలా ఉండాలో చెప్పే హక్కు తమకుందని ఊళ్ళో ప్రతి ఒక్కరూ అనుకుంటారు, ఆ హక్కును మొహమాటం లేకుండా వాడుకుంటారు కూడా.

మా పని గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే దరఖాస్తు పత్రాల్లో దానికి గడి లేదు. తీర్థాలకూ కల్యాణోత్సవాలకూ పద్యనాటకం కుదుర్చుకోవడం మా వైపు ఆనవాయితీ. ఒకే పాత్రను అంకాలవారీగా పంచుకునే ఒకటో కృష్ణుడు, రెండో కృష్ణుడు వేరువేరు ఊళ్ళనుంచి సాయంత్రానికి దిగుతారు, హార్మోనియం శ్రుతి అందుకోగానే రిహార్సల్ లేకుండానే నాటకం నడిచిపోతుంది. ఆ విద్య మీద మాకున్న గౌరవం తక్కువది కాదు. మాలో ఇద్దరు ఆ పద్యాలు పాడుతూ పెరిగినవాళ్ళే. కాని 2011లో గిట్టుబాటు లేదని కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించి పొలాలు బీడు పెట్టిన కథ వంటిది రంగస్థలం మీద చెప్పేవారెవరని చూసుకుంటే మాకు మేమే కనిపించాం.

గల్ఫ్ వెళ్ళిన తల్లుల మీద నాటిక తయారైన తీరు ఒక్కటి మనవి చేస్తాను. మొదటి ప్రతి మా ఉపాధ్యాయుడు రాశారు. అందులో తిరిగివచ్చిన తల్లి గుమ్మంలోనే బిడ్డను కావలించుకుని ఏడుస్తుంది. చదివి వినిపించిన రాత్రి, గల్ఫ్‌లో కొన్నేళ్ళు పనిచేసి వచ్చిన ఒకావిడ, "అలా జరగదు మాస్టారూ, పిల్ల నన్ను చూసి అమ్మమ్మ వెనక్కి పోయింది, నేను సూట్‌కేసు విప్పుకుంటూ కూర్చున్నాను" అంది. దృశ్యాన్ని అలాగే తిరగరాశాం, ఆ పాత్ర ఆవిడ చేతే వేయించాం. ఏ ఊళ్ళో ఆడినా ఆ సూట్‌కేసు దగ్గరికి వచ్చేసరికి జనం మాట్లాడరు. ఆట అయ్యాక మాత్రం ఏజెంటుకు ఎంత కట్టారు, పాస్‌పోర్టు ఎవరి దగ్గర ఉండిపోయింది అని ఆడవాళ్ళు అరుగుల మీద చేరి ఒకరినొకరు అడుగుతారు. మేము నాటకం వేసేది ఆ మాటల కోసం.

రిహార్సల్ ఎక్కడ చేసుకోవాలన్నదే మా ఇబ్బంది. పగలంతా పనికి పోయే మనుషులకు రాత్రి ఏడు నుంచి తొమ్మిదిన్నర వరకే తీరిక, వానాకాలం ఆరుబయట కుదరదు, బడి సాయంత్రానికే మూతపడుతుంది. గుడి మంటపంలో అందరూ ఒకే ధైర్యంతో కూర్చోలేరు, కారణాలు మీకు వేరే చెప్పనక్కరలేదు. అన్ని పేటలవారూ ఉన్న సమాజానికి అన్ని పేటలవారూ సమానంగా అడుగుపెట్టగల చోటు కావాలి. అలాంటి చోటు మా ఊళ్ళో ఒక్కటే ఉంది, అది తుఫాను రక్షిత భవనం.

1996 నవంబరు 6 రాత్రి వచ్చిన తుఫాను వెయ్యిమందికి పైగా ప్రాణాలు తీసింది. ఇలాంటి ముప్పులకే తీర గ్రామాల్లో ఈ భవనాలు కడుతూ వచ్చారు. ప్రపంచ బ్యాంకు సాయంతో జాతీయ తుఫాను ముప్పు తగ్గింపు ప్రాజెక్టు కింద కట్టినవాటికైతే బహుళ ప్రయోజన భవనాలని పేరే పెట్టారు. మామూలు రోజుల్లో బడికో, సమావేశాలకో వాడుతూ ఉంటేనే భవనం చెడకుండా ఉంటుందన్నది అందులోని ఆలోచన. మా ఊరి భవనం వాడుకుంటామని ఒక కార్యాలయానికి వెళితే ఇంకో కార్యాలయానికి వెళ్ళమన్నారు. అక్కడ, అది ప్రాణాలు కాపాడే భవనం, ఆటపాటలకు కాదన్నారు. ఏడాదిలో ఎన్నడో తప్ప తెరవని తాళం గాలివాన రాత్రి ఎంత సులువుగా తెరుచుకుంటుందో నాకు సందేహమే. రోజూ మనుషులు తిరిగే భవనంలో దీపం వెలగకపోయినా, నీళ్ళ ట్యాంకు కారినా ఆ సాయంత్రమే తెలుస్తుంది.

మీ శాఖ నాటకానికి ఏమీ చేయడం లేదని నేను అనను. కందుకూరి వీరేశలింగం గారు పుట్టిన ఏప్రిల్ 16ను నాటకరంగ దినోత్సవంగా జరుపుతున్నారు, నంది నాటకోత్సవాలు పెట్టారు. అయితే ఆ ఆదరణలో ఎక్కువ భాగం పోటీకి తయారైన నాటకానికే చేరుతుంది. న్యాయనిర్ణేతల ముందు సమయం లోపల ముగియవలసిన పరిషత్తు నాటిక ఒక రకం, పడవ దాటి లంక గ్రామానికి వెళ్ళి, ముందు వరుసలో ముసలమ్మ ఏదైనా అడిగితే ఆగి జవాబు చెప్పే నాటిక ఇంకో రకం. వీరేశలింగం పంతులు గారు 1880లో రాజమహేంద్రవరంలో తన విద్యార్థులతో వేయించిన నాటకం కూడా బహుమతి కోసం వేసింది కాదు, న్యాయస్థానాల చుట్టూ జరిగే అక్రమాలను ఊరివారికి చూపడానికి వేసింది.

మైకు సంగతి ఒకటుంది. రాత్రి పది దాటితే ఆపాలన్న నియమం సబబైనదే. కాని 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనలే, ఏడాదికి 15 రోజులు మించకుండా ఉత్సవాలకు అర్ధరాత్రి వరకు సడలించే అధికారం రాష్ట్రానికి ఇచ్చాయి. ఆ రోజులు ఎంచేటప్పుడు మా తీర్థాల రాత్రులను కూడా లెక్కలోకి తీసుకోమని కోరుతున్నాను.

భవనం విషయంలో రెవెన్యూ, విపత్తు నిర్వహణ శాఖలతో మీరు మాట్లాడి, తీర గ్రామాల నాటక సమాజాలకు రాత్రి ఏడు నుంచి తొమ్మిదిన్నర వరకు వాడుకునే అనుమతి ఒకే ఉత్తర్వుతో ఇప్పించండి. ఊడ్చడం మాది, కరెంటు బిల్లు మాది, తుఫాను హెచ్చరిక రాగానే సామాను ఎత్తుకుని ఖాళీ చేసే పూచీ మాది. కనుమనాడు జగ్గన్నతోట తీర్థంలో ప్రభలు దిగే వేళకు మా కొత్త నాటిక సిద్ధం కావాలి. ఈలోగా జవాబు వస్తే మా టైలరు తెరలు కుట్టడం మొదలుపెడతాడు.

భవదీయుడు,
ఒక గ్రామ నాటక సమాజ కార్యదర్శి,
కోనసీమ